మొదటి బహుమతి ఎవరిది?



ఈ నెల నేను రాస్తున్నది ప్రసంగం కాదు, వాక్యధ్యానమూ కాదు. నా యౌవనంలో జరిగిన ఒక సంగతి. చాలా చిన్న సంగతి అని ఇరవై అయిదేళ్ల పాటు నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. అది చిన్నది కాదని ఈ మధ్యనే ఒప్పుకున్నాను.

మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు. వారిద్దరి అనుమతి తీసుకునే ఇది రాస్తున్నాను. పేర్లు, ఊరు మాత్రం రాయను. అన్నగారికి డెబ్బై దాటాయి. తమ్ముడుగారు ఆయనకంటే అయిదేళ్లు చిన్న. ఇద్దరి ఇళ్లూ పక్కపక్కనే. ఒకప్పుడు రెండిళ్లకూ ఒకటే వాకిలి. ఇప్పుడు మధ్యలో ఇటుకల గోడ ఉంది.

అన్నగారి వసారాలో గోడకు ఒక షీల్డు వేలాడుతుంది. దాని మీద 'ప్రథమ బహుమతి' అని ఉంటుంది. తమ్ముడుగారి ముందు గదిలో అద్దాల ఫ్రేములో ఒక ఫోటో. దండలు వేసిన గిత్తల జత, పక్కన తలపాగా చుట్టుకుని ఆయన. ఫోటో కింద పెయింటరు చేత రాయించిన అక్షరాలు: 'ప్రథమ విజేత'. రెండింటి మీదా తేదీ ఒకటే, 2000 సంవత్సరం సంక్రాంతి. పోటీ ఒకటే, విభాగం కూడా ఒకటే. ఒక పోటీకి ఇద్దరు మొదటివాళ్లు ఎలా ఉంటారు? ఈ ప్రశ్న మా ఊళ్లో ఎవరూ పైకి అడగరు. అడిగితే గొడవ.

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వారికి ఎడ్ల పోటీల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఇప్పుడు పల్నాడు, బాపట్ల జిల్లాలుగా విడిపోయిన ఊళ్లలో కూడా అంతే. సంక్రాంతి మొదలుకొని తిరునాళ్ల రోజుల దాకా ఎక్కడో ఒకచోట బండలాగుడు పోటీ జరుగుతూనే ఉంటుంది. ఒంగోలు గిత్తలను పళ్లను బట్టి విడదీస్తారు: రెండు పళ్లవి, నాలుగు పళ్లవి, ఆరు పళ్లవి, ఆ పైన పెద్దవి. కాడికి రాతి బండను కట్టి, ఇచ్చిన నిమిషాల్లో ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ జతది మొదటి బహుమతి. గోడల మీద పోస్టర్లు చూడండి. చాలా ఊళ్ల పోస్టర్ల మీద 'జాతీయ స్థాయి' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. ఈ వారం ఒక ఊళ్లో మొదట వచ్చిన జత, వచ్చే వారం ఇంకో ఊళ్లో మూడోది అవుతుంది. రెండు చోట్లా 'జాతీయ స్థాయే'. ఆ మాట రాసుకోవడానికి ఎవరినీ అడగనక్కరలేదు.

ఆ సంక్రాంతికి నాకు ఇరవై ఏళ్లు. ఇంటర్మీడియెట్ అయిపోయి, ఏం చేయాలో తేలక ఇంటి దగ్గర ఉన్నాను. మా ఊరు ఈ సంఘం ఉన్న ఊరికి నాలుగు మైళ్లు. పోటీ మా ఊళ్లోనే. నా దస్తూరీ బాగుంటుందని కమిటీ వాళ్లు నన్ను పిలిచి, ఒక నోటు పుస్తకం, పెన్ను చేతికిచ్చి, దూరాలు రాయమన్నారు. బాట పొడవు 250 అడుగులు. గిత్తలు ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకసారి బండ లాగితే పుస్తకంలో ఒక గీత గీయాలి. ఈల వేసేసరికి బండ ఎక్కడ ఆగితే అక్కడికి టేపుతో కొలిచి కలపాలి. ఇంతే నా పని.

అన్నగారి జత 14 గీతలు, ఆ పైన 60 అడుగులు లాగింది. మొత్తం 3,560 అడుగులు. మధ్యాహ్నం తమ్ముడుగారి జత దిగింది. అప్పటికి ఎండ మండుతోంది, జనం బాట మీదికి తోసుకొస్తున్నారు. నడి పోటీలో ఎవరో నా భుజం తట్టి టీ గ్లాసు అందించారు. నేను తల తిప్పి గ్లాసు అందుకున్నాను. మళ్లీ చూసేసరికి గిత్తలు ఆ చివర తిరుగుతున్నాయి. ఆ చుట్టుకు గీత గీశానా, గీయలేదా? ఆలోచించే లోపే ఇంకో చుట్టు మొదలైంది. ఈల పడ్డాక లెక్క చూస్తే 13 గీతలు, 190 అడుగులు. మొత్తం 3,440. అన్నగారి జత కంటే 120 అడుగులు తక్కువ. నేను ఒక్క గీత తప్పిపోయి ఉంటే మాత్రం తమ్ముడుగారిది 3,690. అంటే మొదటి బహుమతి ఆయనదే.

తమ్ముడుగారి మనుషులు "పద్నాలుగు చుట్లు, మేం లెక్కపెట్టాం" అని గోల చేశారు. కమిటీ పెద్ద నా దగ్గరికి వచ్చి, "పుస్తకంలో ఎంతుంది అబ్బాయ్?" అని అడిగారు. "పదమూడండీ" అన్నాను. అది నిజమే, పుస్తకంలో ఉన్నది అంతే. ఆయన వెళ్లబోయి ఆగి, "ఖాయమేనా?" అన్నారు. చుట్టూ అంతమంది. నేను, "ఖాయమేనండీ" అన్నాను.

అదీ నేను చేసిన తప్పు. గీత తప్పిపోవడం పొరపాటు కావచ్చు. తెలియనిదాన్ని తెలుసునని చెప్పడం పొరపాటు కాదు.

ఆ తర్వాత నేను వేదాంత విద్యకు వెళ్లాను. డిప్లొమా అయింది, పెళ్లయింది, రెండు మూడు చోట్ల పరిచర్య చేశాను. పదేళ్ల క్రితం ఇదే సంఘానికి నన్ను పంపించారు. వచ్చిన మొదటి ఆదివారం ముందు వరసలో అన్నగారిని, వెనక తలుపు దగ్గర తమ్ముడుగారిని చూశాను. ఇద్దరినీ గుర్తుపట్టాను. తమ్ముడుగారి కూతురి పెళ్లికి అన్నగారు వెళ్లలేదనీ, తల్లి చనిపోయినప్పుడు కూడా ఇద్దరూ వేరువేరుగా వచ్చి వేరువేరుగా ఏడ్చారనీ ఆ నెలలోనే విన్నాను. ప్రభువు బల్ల ఆచరించే ఆదివారం ఒకరు వచ్చి వెళ్లాకే ఇంకొకరు లేచేవారు. పదేళ్లు నా చేతులతోనే వారికి రొట్టె ఇచ్చాను. సమాధానపడమని వారికి బోధించాను కూడా. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఈ మధ్య ఒక జనవరి మొదటి వారంలో, అన్నగారి కళ్లంలో మొదటి కోత మిరపకాయలు ఎండుతున్నాయి. ఆయన మనవడు అమెరికాలో అలబామా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదువుతూ, క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి ఉన్నాడు. రాత్రి కళ్లం కాపలాకు మంట వేసుకుని అన్నగారు, మనవడు, మా సంఘంలోని రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ గారు కూర్చుని ఉంటే నేనూ వెళ్లి కూర్చున్నాను. కుర్రవాడు వేసుకున్న ఎర్ర చొక్కా మీద '18 సార్లు జాతీయ ఛాంపియన్లు' అని ఇంగ్లీషులో ఉంది.

"ఏమి ఆట బాబూ?" అని అడిగాను.

"ఫుట్‌బాల్ అయ్యగారూ. మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తుతారు. అక్కడ కాలేజీల మధ్య ఆటకే పిచ్చి జనం. స్టేడియంలో లక్షమంది కూర్చుంటారు."

"పద్దెనిమిది సార్లు గెలిచారా? ఎవరిచ్చారు బహుమతి?" అని హెడ్ కానిస్టేబుల్ గారు అడిగారు. పోలీసు బుర్ర కదా, సాక్ష్యం అడుగుతుంది.

కుర్రవాడు నవ్వాడు. "అక్కడే ఉంది తాతా తమాషా. అన్నీ ఎవరో ఇచ్చినవి కావు. కొన్ని మా కాలేజీ వేసుకున్నవి."

తర్వాత అతను చెప్పిన సంగతులు నేను మీకు క్లుప్తంగా చెబుతాను. ఎందుకంటే అవి వింటున్నప్పుడు నాకు మా బండలాగుడు పోటీ తప్ప ఇంకేమీ కనిపించలేదు.

అమెరికా కాలేజీల ఆటలకు ఎన్‌సీఏఏ అనే సంస్థ ఉంది. మిగతా ఆటలకు అదే ఛాంపియన్‌షిప్పు నడుపుతుంది. ఫుట్‌బాల్‌లో పై తరగతికి మాత్రం అది ఛాంపియన్‌ను ప్రకటించదు. ఆ తరగతిలో నూట ముప్పైకి పైగా కాలేజీలు ఉన్నాయి, ఒక్కొక్కటి ఏడాదికి ఆడేది పన్నెండు మ్యాచ్‌లు. అందరూ అందరితో ఆడడం కుదరదు. మరి మొదటివాడెవడు? 1936 నుంచి ఒక వార్తా సంస్థ పత్రికా విలేకరుల చేత ఓట్లు వేయించి తేల్చడం మొదలుపెట్టింది. 1950 నుంచి జట్ల శిక్షకుల చేత ఇంకొకరు ఓట్లు వేయించారు. ఇవి కాక లెక్కల సూత్రాలు కట్టి తేల్చేవాళ్లు వేరే. ముగ్గురు ముగ్గురి పేర్లు చెబితే, ఆ ఏడు ముగ్గురూ ఛాంపియన్లే!

అసలు ఆ ఆట మొదలే తగువుతో మొదలైంది. 1869లో మొదటిసారి రెండు కాలేజీలు ఆడాయి, రట్గర్స్, ప్రిన్స్‌టన్. నవంబరు 6న రట్గర్స్ 6-4తో గెలిచింది. వారం తర్వాత ప్రిన్స్‌టన్ 8-0తో గెలిచింది. చెరి ఒకటి. తర్వాతి కాలంలో లెక్కలు వేసినవారు కొందరు ఇద్దరినీ ఛాంపియన్లన్నారు, కొందరు ప్రిన్స్‌టన్‌నే అన్నారు. ఆడింది రెండు జట్లు, ఇద్దరూ మొదటివాళ్లే. ఇది వినగానే అన్నగారు మంటలో పుల్ల ఒకటి ఎగదోశారు, ఏమీ మాట్లాడలేదు.

1964 సంగతి ఇంకా విచిత్రం. ఆ రోజుల్లో సీజను చివరి పెద్ద పోటీలకు ముందే ఓట్లు ముగించేవారు. విలేకరులు, శిక్షకులు ఇద్దరూ అలబామాయే మొదటిదన్నారు. తీరా 1965 జనవరి 1న జరిగిన చివరి పోటీలో అలబామా టెక్సస్ చేతిలో 21-17తో ఓడిపోయింది. ఆర్కన్సా జట్టు మాత్రం ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఫుట్‌బాల్ రచయితల సంఘం ఆర్కన్సాకు బహుమతి ఇచ్చింది. ఇప్పటికీ రెండు కాలేజీలూ ఆ ఏడాదిని తమదనే చెప్పుకుంటాయి.

"మీ కాలేజీ వేసుకున్నవి కొన్ని ఉన్నాయన్నావే, అవేమిటి?" అని అడిగాను.

"1941 అయ్యగారూ. ఆ ఏడు మావాళ్లు రెండు మ్యాచ్‌లు ఓడారు. విలేకరుల ఓట్లలో మాది 20వ స్థానం. మొదటిది ఒక్కటీ ఓడని మిన్నెసోటా. కానీ ఎవరో ఒకాయన వేసిన లెక్కలో మేం మొదట వచ్చామట. నలభై ఏళ్లు దాటాక, 1980 దశకంలో, మా కాలేజీ పుస్తకంలో ఆ ఏడాదిని కూడా ఛాంపియన్‌షిప్పుగా చేర్చారు. అప్పటి నుంచి చొక్కాల మీద అదీ లెక్కే."

"ఇందులో అన్యాయమైపోయినవాళ్లు ఎవరూ లేరా?" అన్నారు హెడ్ కానిస్టేబుల్ గారు.

"ఉన్నారు. 2017లో సెంట్రల్ ఫ్లోరిడా అని ఒక కాలేజీ ఆడిన 13 మ్యాచ్‌లూ గెలిచింది. అప్పటికి నాలుగు జట్లతో చివరి పోటీలు పెట్టే పద్ధతి వచ్చింది. ఒక కమిటీ కూర్చుని ఆ నలుగురినీ ఎంచుతుంది. ఆ కాలేజీ చిన్న గుంపులోదని వాళ్లను ఎంచలేదు. ఆ ఏడు ఫైనల్ ఆడిన రెండు జట్లనూ అంతకుముందు ఆబర్న్ అనే జట్టు ఓడించింది. ఆ ఆబర్న్‌ను ఈ సెంట్రల్ ఫ్లోరిడా ఓడించింది. అందుకని మేమే ఛాంపియన్లం అని వాళ్లు ఊరేగింపు చేసుకున్నారు. సగం దేశం నవ్వింది, సగం దేశం నిజమే కదా అంది. 2024 నుంచి పన్నెండు జట్లను ఆడిస్తున్నారు. అయినా పదమూడోవాడు ఏడుస్తాడు కదా అయ్యగారూ!"

అందరం నవ్వాం. అప్పుడు హెడ్ కానిస్టేబుల్ గారు గొంతు సవరించుకున్నారు.

"అమెరికా దాకా ఎందుకు? మన హైదరాబాద్ పోలీసుల సంగతి చెబుతా వినండి. నేను ఉద్యోగంలో చేరేనాటికి ఆ ఆటగాళ్లు లేరు గాని, పోలీసు లైన్లలో వాళ్ల కథలు చెప్పుకునేవాళ్లం. మన దేశంలో ఫుట్‌బాల్‌కు జాతీయ లీగు పెట్టింది 1996లో. ఆ ఆటగాళ్ల రోజుల్లో క్లబ్బుల్లో దేశానికంతటికీ ఒక్క ఛాంపియన్ అనేవాడు లేడు. మూడు పెద్ద కప్పులుండేవి. డ్యూరాండ్ 1888లో మొదలైంది, బొంబాయి రోవర్స్ 1891లో, కలకత్తా ఐఎఫ్ఏ షీల్డు 1893లో. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1950లో మోహన్ బగాన్‌ను ఓడించి డ్యూరాండ్ కూడా తెచ్చింది. అదే ఏడు కలకత్తా షీల్డు మాత్రం ఈస్ట్ బెంగాల్‌ది. ఇప్పుడు చెప్పండి, 1950లో దేశానికి మొదటి జట్టు ఎవరు?"

ఎవరూ చెప్పలేకపోయాం.

"మేం మేమే అనుకునేవాళ్లం. కలకత్తావాళ్లు వాళ్లే అనుకుంటారు. కానీ ఒక మాట. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులు. దేశం జట్టుకు కూడా ఆయనే శిక్షణ ఇచ్చారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం. మరుసటేడు ఆయన పోయారు. మెల్‌బోర్న్‌లో వచ్చింది నాలుగోదే. కానీ దాన్ని ఈనాటికీ ఎవరూ కాదనలేదు. ఎవరూ కాదనలేని నాలుగు, మనం రాసుకున్న ఒకటి కంటే గట్టిది కాదూ?"

ఆయన అంతటితో ఆపితే బాగుండేది. కానీ చివరగా ఇంకో మాట అన్నారు. "1962 రోవర్స్ కప్పులో మా పోలీసులూ ఈస్ట్ బెంగాలూ తలపడ్డారు. అప్పటికి మాది ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టు. ఎవరు గెలిచారో తేలలేదు. ఇద్దరినీ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. అంతకు రెండేళ్ల ముందు డ్యూరాండ్‌లో కూడా మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ అలాగే పంచుకున్నాయి. తేలనప్పుడు తేలలేదని ఒప్పుకోవడంలో నామోషీ ఏముంది?"

తేలనప్పుడు తేలలేదని ఒప్పుకోవడం! ఆ రోజు బాట పక్కన నేను 'ఖాయమేనండీ' అనకుండా 'నాకు సందేహంగా ఉందండీ' అని ఉంటే, కమిటీ పెద్దలు బహుమతి చెరి సగం పంచి ఉండేవారేమో. మళ్లీ లాగించి ఉండేవారేమో. అన్నదమ్ములు ఒకే బండి మీద ఇంటికి వచ్చి ఉండేవారేమో.

అన్నగారు అప్పుడు మెల్లగా, "మనవడా, షీల్డు ఇచ్చినవాళ్లు ఊరికే ఇవ్వరురా. లెక్క ఉంటది, పుస్తకం ఉంటది," అన్నారు. ఆ మాట మనవడితో అన్నారు గాని నా గుండెల్లో దిగింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సువార్తలో ఒక సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. శిష్యులు దారిలో తమలో ఎవరు గొప్ప అని వాదించుకుంటూ నడిచారు. ఇంటికి చేరాక ప్రభువు, దారిలో దేనిగురించి వాదించుకున్నారని అడిగితే ఎవరూ నోరు మెదపలేదు. ఆ భాగం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఎప్పుడూ వారి వాదన గురించే చెప్పాను. వారి మౌనం గురించి ఎప్పుడూ చెప్పలేదు. ఆ మౌనం నాదే.

తెల్లవారి ముందు తమ్ముడుగారి ఇంటికి వెళ్లాను. ఆయన పత్తి బోరెం కుడుతున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. టీ గ్లాసు సంగతి కూడా చెప్పాను. ఆయన సూది కింద పెట్టి చాలాసేపు నావైపు చూశారు.

"అయితే పద్నాలుగేనన్న మాట."

"అది నాకు తెలియదు బాబాయ్. పద్నాలుగు కావచ్చు, పదమూడే కావచ్చు. నాకు తెలియదన్నదే నిజం. తెలుసునని చెప్పడమే నా తప్పు."

"ఇరవై అయిదేళ్లుగా నేను చెప్పుకుంటున్నది నిజమో అబద్ధమో మీకే తెలియదంటారు!"

"తెలియదు. ఇక ఎవరికీ తెలియదు కూడా."

ఆయనకు కోపం వచ్చింది. రావలసిందే. గోడ మీద ఫోటో వైపు చూశారు, మళ్లీ సూది తీసుకున్నారు. నన్ను కూర్చోమనలేదు. లేచి వచ్చేస్తుంటే మాత్రం, "అన్నకు చెప్పారా?" అని అడిగారు. ఇరవై అయిదేళ్లలో ఆయన నోట 'అన్న' అన్న మాట నేను వినడం అదే మొదలు. అప్పటివరకు 'ఆ ఇంటాయన' అనేవారు.

అన్నగారి దగ్గర ఇంకా కష్టమైంది. ఆయన విని, "ఇప్పుడెందుకు చెబుతున్నారు అయ్యగారూ? ముసలితనంలో నా షీల్డు లాక్కోవడానికా?" అన్నారు. నేను షీల్డు అడగడానికి రాలేదని, నా భారం చెప్పుకోవడానికి వచ్చానని అన్నాను. "మీ భారం దించుకుని నా నెత్తిన పెట్టారు," అన్నారాయన. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నిజమే, ఆలస్యంగా చెప్పిన నిజం అలాగే ఉంటుంది. రెండు వారాలు ఆయన ఆరాధనకు రాలేదు.

మూడో వారం ఒక రాత్రి ఉన్నట్టుండి మబ్బు పట్టి చినుకులు మొదలయ్యాయి. కళ్లంలో కాయ ఉన్నవాళ్లకు ఆ చప్పుడు ఎలా వినిపిస్తుందో మీకు తెలుసు. ఒక్కసారి తడిస్తే కాయ రంగు పోయి తాలుకాయల్లో కలుస్తుంది, యార్డులో అడిగేవాడుండడు. ఊరంతా పట్టలు పట్టుకుని పరిగెత్తింది. నేనూ వెళ్లాను. తమ్ముడుగారి కొడుకు ఊళ్లో లేడు, ఆయన ఒక్కరే రాశి మీద పట్ట లాగలేక అవస్థ పడుతున్నారు. పట్ట రెండో చివర చీకట్లో ఎవరో పట్టుకున్నారు. టార్చి వేసి చూస్తే అన్నగారు. ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. అన్నగారు, "అటు రాయి పెట్టు" అన్నారు. తమ్ముడుగారు రాయి పెట్టారు. అంతే.

ఇందులో నా గొప్ప ఏమీ లేదు. వాన రాకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. షీల్డు ఇంకా వసారాలోనే ఉంది. ఫోటో ఇంకా ముందు గదిలోనే ఉంది. గోడ కూడా ఉంది. కానీ ఆ తర్వాత వచ్చిన ప్రభువు బల్ల ఆదివారం ఒకరు వెళ్లేదాకా ఇంకొకరు ఆగలేదు. ఒకే వరసలో నిలబడ్డారు, మధ్యలో ఇద్దరు ముగ్గురు ఉన్నారనుకోండి.

అమెరికా వెళ్లిన కుర్రవాడు ఆ మధ్య ఫోన్ చేశాడు. తాత అంతా చెప్పారట. "ఇంతకీ మా తాత మొదటివాడా కాదా అయ్యగారూ?" అని అడిగాడు. "మీ తాత గిత్తలు ఆ రోజు 3,560 అడుగులు లాగాయి నాయనా. అది నేను కళ్లారా చూసింది, ఖాయం. చిన్నతాత గిత్తలు ఎంత లాగాయో నాకు సరిగ్గా తెలియదు, అదీ ఖాయం. రాసుకుంటే ఈ రెండూ రాసుకో," అన్నాను. అతను కాసేపు ఆగి, "అయితే నా చొక్కా మీద కూడా ఏ ఏడు ఎవరు ఎలా ఇచ్చారో రాయాలంటే చోటు చాలదు" అని నవ్వాడు.

ఆలోచిస్తే అదే సరైన పద్ధతి అనిపిస్తుంది. యార్డుకు తోలిన టిక్కీ మీద మనం ఏమి రాసినా కొనేవాడు దాన్ని విప్పి, కాయ చేతిలోకి తీసుకుని చూశాకే ధర చెబుతాడు. రాతను చూసి ఎవరూ కొనరు. మన గెలుపులు కూడా విప్పి చూపించగలిగేలా ఉండాలి. ఎంత లాగామో, ఎవరు కొలిచారో, ఎక్కడ సందేహం ఉందో చెప్పగలిగితే, రెండో స్థానమైనా తలెత్తుకుని చెప్పుకోవచ్చు. పాపం, బండ లాగిన ఆ గిత్తలకు ఎవరు మొదటివారో ఏనాడూ తెలియదు. అవి ఆ సాయంత్రం పక్కపక్కనే నిలబడి ఒకే గడ్డి మేసి ఉంటాయి.

మా ఊరి కమిటీ వారికి ఈసారి ఒక మనవి చేశాను. దూరం రాయడానికి ఒకరిని కాదు, ఇద్దరిని పెట్టండి. ఇద్దరూ విడివిడిగా రాయాలి. లెక్కలు కలవకపోతే కలవలేదని మైకులో చెప్పండి. అవసరమైతే బహుమతి ఇద్దరికీ పంచండి. వారు ఒప్పుకున్నారు. టీ మాత్రం పోటీ అయ్యాకే ఇవ్వమన్నాను.

ప్రియ పాఠకులారా, మీ ఇంటి గోడ మీద కూడా ఒక షీల్డు ఉందేమో. పొలం గట్టు తగువులోనో, ఆస్తి పంపకంలోనో, సంఘంలో పెద్దరికం దగ్గరో మీరు గెలిచినట్టు రాసి పెట్టుకున్నది ఏదైనా ఉందేమో. దాన్ని పగలగొట్టమని నేను అనను. ఒక్కసారి కిందికి దింపి, వెనక్కి తిప్పి, ఎవరు కొలిచారో చూడండి. కొలిచినవాడు నాలాంటివాడైతే, గోడకు అవతలి ఇంటికి ఒకసారి వెళ్లి రండి. వానాకాలం దాకా ఆగవద్దు.